ముందే నిండిన గడులు

జూన్ 9, ఆదివారం

మంగళవారం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రేపు ఎవరడిగినా ఇదే చెప్పాలి.

ఐదింటికి లేచాను. నా భార్య నాకంటే ముందే లేచి మంచం అంచున కూర్చుని ఉంది. టీ నేనే పెట్టాను. సగం తాగి కప్పు కిటికీలో పెట్టింది. ఆరింటికి పంపుహౌస్‌లో డ్యూటీ ఎక్కాను. పదీ ఇరవైకి ఫోన్ చేసింది. కడుపులో బిడ్డ, మా ఇన్‌స్పెక్టర్, నిన్నటినుంచి నెమ్మదిగా ఉన్నాడంది. ఆస్పత్రికి ఫోన్ చెయ్యమన్నాను. చేసింది. ఫోనెత్తిన నర్సు, తొమ్మిదో నెల నిండుతుంటే లోపల చోటు చాలదని, కదలికలు వాటంతటవే తగ్గుతాయని, చల్లటి జ్యూస్ ఏదైనా తాగి ఎడమపక్కకి తిరిగి పడుకోమని చెప్పింది. కదలికల చార్టు నిండిందా అని అడిగింది. నిండిందని ఈమె చెప్పింది. అయితే కంగారు లేదు, శనివారం చెకప్‌కి ఎలాగూ వస్తారుగా అని పెట్టేసింది.

రెండింటికి డ్యూటీ దిగి, రెండూ నలభైకి ఇల్లు చేరాను. కుట్టు మిషన్ ఉన్న ముందుగదిలో ఎడమపక్కకి తిరిగి పడుకుని ఉంది. పక్కన పళ్ళెం, డబ్బా. డబ్బాలో నాలుగు బటన్లు. జ్యూస్ గ్లాసు ఖాళీగా ఉంది. మూడున్నరకి కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. నొప్పి వచ్చి పోవడం లేదు, వచ్చి ఉండిపోయింది. కారు పిలిచాను.

నాలుగూ పదికి ఆస్పత్రి. కిటికీ దగ్గర గుమాస్తా పాత ఫైలు అడిగాడు. చార్టు అడిగాడు. జిరాక్స్ తీసుకుని నా ఫోన్ నంబరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. లోపలికి తీసుకువెళ్ళేసరికి నాలుగూ నలభై ఐదు. నర్సు గుండె చప్పుడు వినే యంత్రం పెట్టింది. జరిపింది. మళ్ళీ జెల్ రాసింది. ఇంకో యంత్రం తెమ్మని పక్కావిడతో మెల్లగా చెప్పింది. యంత్రం పాడైతే ఎవరూ అంత మెల్లగా చెప్పరు. నాకు అప్పుడే తెలిసింది.

మాయ లోపల విడిపోయిందన్నారు. రక్తం బయటికి రాకుండా లోపలే నిలిచిపోయిందన్నారు. ఆపరేషన్ చేశారు. రక్తం గడ్డకట్టడం మానేసిందన్నారు. ఏడూ యాభై ఐదుకి పెద్ద డాక్టరమ్మ బయటికి వచ్చింది.

బిడ్డ అంతకు ముందే పోయింది. రెండు కిలోల ఏడు వందల గ్రాములు. మేము వాడు వాడు అనుకున్న ఇన్‌స్పెక్టర్ ఆడపిల్ల.

ఫోన్లో ఒక నర్సు చెప్పిన మాటకి ఇద్దరు పోయారు. జరిగింది ఇది. ఇంతకంటే ఏమీ లేదు.

జూన్ 10, సోమవారం

ఆస్పత్రి మీద ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు. ఒక్క కొట్టివేత లేదు.

జూన్ 11, మంగళవారం

అత్తయ్య ఇక్కడే ఉంది. ముందుగదిలో, కూతురు పడుకున్న చోటే పడుకుంటుంది. మిషన్ మీద గుడ్డ కప్పింది. ఎవరైనా తినమంటే పళ్ళెం దగ్గరికి లాక్కుని కూర్చుంటుంది, కాసేపయ్యాక అలాగే తీసుకెళ్ళి వంటింట్లో పెడుతుంది.

ఇవాళ పక్కింటావిడ వచ్చింది. నేను లోపలి గదిలో ఉన్నాను. అత్తయ్య ఆవిడతో చెబుతోంది. సోమవారం సాయంత్రం కూతురు ఫోన్ చేసి, అమ్మా కదలికలు తగ్గాయి, ఇలా ఉంటుందా అని అడిగిందట. బిడ్డ కిందికి దిగితే అలాగే ఉంటుందే, నువ్వూ అంతే నెమ్మదించావు అని ఈవిడ చెప్పిందట.

“నా నోటితో నేనే చెప్పానమ్మా. నా నోరు పడిపోనూ.”

పక్కింటావిడ ఏదో సర్దిచెప్పింది. నేను మంచినీళ్ళు తాగి వెనకవైపు నుంచి వీధిలోకి వెళ్ళిపోయాను.

అత్తయ్యకి చదువు లేదు. నర్సుకి ఉంది. కోపం ఎవరిమీద ఉండాలో నాకు తెలుసు.

జూన్ 12, బుధవారం

బటన్ల లెక్క ఆమెదే. ఆస్పత్రివాళ్ళు చార్టు ఇచ్చి, రోజూ ఒకే వేళకి పడుకుని కదలికలు లెక్కపెట్టమన్నారు, పదో కదలిక ఎన్ని గంటలకి వచ్చిందో గడిలో రాయమన్నారు. మధ్యలో లెక్క తప్పుతోందని, పళ్ళెంలో పది చొక్కా బటన్లు పోసుకుని, కదిలినప్పుడల్లా ఒకటి డబ్బాలో వేసేది. డబ్బాలో టిక్కుమంటే ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాడనేది.

ఆ పేరూ ఆమె పెట్టిందే. పంపుహౌస్‌కి వచ్చే ఇన్‌స్పెక్టర్లు చెప్పాపెట్టకుండా వస్తారని నేను విసుక్కుంటే, “మా ఇన్‌స్పెక్టర్ నయం. భోజనం అయిన పావుగంటకి ఠంచనుగా రౌండుకొస్తాడు. వచ్చి అన్ని గోడలూ తన్ని చూసి పోతాడు,” అంది. అరగంటలో పది బటన్లూ డబ్బాలో పడేవి. ఒక్కోసారి ఇరవై నిమిషాలకే.

తను లెక్కపెట్టేది, నేను రాసేవాణ్ణి. నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నాది కోడి గీకినట్టుంటుంది అనేది.

డబ్బా కిటికీలోనే ఉంది. నాలుగు. పళ్ళెంలో ఆరు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

జూన్ 14, శుక్రవారం

చార్టు ఫైల్లో ఉంది. ఫైలు బీరువాలో ఉంది. తీయలేదు.

జూన్ 17, సోమవారం

డ్యూటీకి వెళ్ళాను. ఇంట్లో ఉంటే అత్తయ్య నా మొహం చూస్తుంది.

ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగున్నర బాబాయి కుర్చీ తుడిచి పెట్టాడు. నాకంటే పద్దెనిమిదేళ్ళు సీనియర్. మెయిన్ లైన్ ప్రెషర్ గంటగంటకీ గేజ్ చూసి లాగ్‌షీటులో రాయాలి. బాబాయి ఎప్పుడూ నాలుగున్నరే రాస్తాడు. ఆయన పెళ్ళికార్డు మీద కూడా ముహూర్తం నాలుగున్నర అని వేసి ఉంటారని జోకు.

ఏడింటికి లాగ్‌షీటు చూశాను. మధ్యాహ్నం రెండు వరకూ రాసేసి ఉంది. 4.5, 4.4, 4.5, 4.6. ఇంకా రాని గంటకి రీడింగు ఎలా రాస్తావని అడిగాను. గట్టిగానే అడిగినట్టున్నాను, పంపుల చప్పుడు మించి వినబడింది. బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“నీకు నేర్పింది నేనే కదరా. పదకొండేళ్ళుగా నువ్వూ ఇలాగే రాస్తున్నావు. ఇవాళేంటి కొత్తగా?”

గేజ్ దగ్గరికి వెళ్ళి వేలితో తట్టాను. ముల్లు కదల్లేదు. వాల్వు తిప్పి లైన్ ఆపాను. అప్పటికీ ముల్లు నాలుగున్నర మీదే ఉంది. ఎన్ని నెలలుగా చచ్చి ఉందో.

షీటు చింపి పారేశాను. తర్వాత బాబాయి నాకు టీ తెచ్చి పెట్టాడు. తాగలేదు.

జూన్ 20, గురువారం

పెద్ద డాక్టరమ్మ రమ్మంది. ఫిర్యాదు ఆమె దగ్గరికి వెళ్ళినట్టుంది. గదిలో ఆమె, నేను. గోడమీద నవ్వుతున్న పసిబిడ్డ బొమ్మ. నా చూపు పట్టి, లేచి వెళ్ళి ఆ బొమ్మని గోడవైపు తిప్పింది. అలా చేస్తుందనుకోలేదు. దానికీ కోపం వచ్చింది. ఈ మర్యాద ఆ రోజు కిటికీ దగ్గర ఉంటే ఏమయ్యేది.

చివరి వారాల్లో కదలికలు తగ్గడం మామూలేనా అని అడిగాను. కాదంది. తీరు కొంచెం మారవచ్చు, తన్నులు పోయి దొర్లినట్టు ఉండవచ్చు, కానీ కాన్పుదాకా తగ్గకూడదంది. ఫోన్లో అలా చెప్పడం తప్పు, జ్యూస్ తాగి చూడమనడం తప్పు, వెంటనే రమ్మనాలి అంది. నేను రాసుకున్నాను.

“పది అనేది ఒక ఆనవాలు మాత్రమే. ఆ తల్లికి రోజూ ఎలా ఉంటుందో అది ముఖ్యం. అరగంటలో వచ్చేవి రెండు గంటలైనా రాకపోతే బిడ్డ కబురు పంపినట్టే. ఆ కబురు తల్లికి తప్ప ఎవరికీ అందదు.”

ముందే వచ్చి ఉంటే బతికేవాళ్ళా అన్నాను. చెప్పలేనంది. బతికించే అవకాశం మాకు దొరికేది, అంతవరకే చెప్పగలనంది. తర్వాత అడిగింది.

“సోమవారం ఎన్ని వచ్చాయి? చార్టులో పది అని ఉంది.”

గుర్తు లేదన్నాను.

జూన్ 21, శుక్రవారం

గుర్తు లేదు.

జూన్ 24, సోమవారం

ఆస్పత్రి జవాబు వచ్చింది. కుటుంబ సభ్యులు స్వయంగా నమోదు చేసిన చార్టు ప్రకారం జూన్ 4 వరకు కదలికలు సాధారణంగా ఉన్నవి. ఫోనులో కూడా అదే తెలియజేసినారు. కనుక సిబ్బంది నిర్లక్ష్యము లేదు. మూడు సంతకాలు. జత చేసిన కాగితం, చార్టు జిరాక్స్. జూలై 5న పదిన్నరకి విచారణ కమిటీ ముందు హాజరు కావాలి.

జిరాక్స్ చూశాను.

జూన్ 3, పది కదలికలు. జూన్ 4, పది. దాని కింద జూన్ 5, పది. జూన్ 6, పది. 7, పది. 8, పది. 9వ తేదీ ఆదివారం, మధ్యాహ్నం రెండూ యాభైకి, పది.

ఆదివారం రెండూ యాభైకి ఆమె లేదు. బిడ్డ లేదు. నేను ఈ పుస్తకం కొనుక్కుని తెచ్చుకున్న వేళ అది.

పేజీ కింద నర్సు ఎర్ర టిక్కు. తేదీ జూన్ 1. శనివారం చెకప్‌లో పెట్టింది. ఇంకా రాని ఎనిమిది రోజుల గడులు నిండి ఉంటే, ఆ పేజీ మీద టిక్కు పెట్టింది. ఆ కాగితాన్నే ముగ్గురు డాక్టర్లు సంతకాలు పెట్టి నా మొహాన కొట్టారు. చచ్చిపోయిన మనిషి కడుపులో ఐదు రోజులు బిడ్డ ఆడిందని రాసి ఉంది, ఒక్కడూ చదవలేదు. ఒక్కడూ.

దొరికారు అనుకున్నాను. గట్టిగా నవ్వాను కూడా. అత్తయ్య గుమ్మందాకా వచ్చి చూసి వెళ్ళింది.

అంకెలు ముత్యాల్లా ఉన్నాయి.

జూన్ 25, మంగళవారం

మళ్ళీ రాస్తున్నాను. 9న రాసిన దాంట్లో అబద్ధం లేదు. కొన్ని వదిలేశాను.

మే 25 చెకప్‌కి వెళ్ళినప్పుడు చార్టులో నాలుగు గడులు ఖాళీ. నేను రాయడం మర్చిపోయాను. నర్సు అందరి ముందూ చార్టు పైకెత్తి చూపించింది. “గడులు నింపకుండా ఎందుకొస్తారమ్మా? నిండితేనే ఫైలు లోపలికి పోతుంది,” అని వరసలో చివరికి పంపింది. ఆ కడుపుతో ఆమె రెండు గంటలు నిలబడింది. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ ఉంది.

మే 31 సాయంత్రం కొత్త పేజీ మొత్తం ఒకే విడతలో నింపాను. 9వ తేదీ దాకా. అనుమానం రాకుండా టైములు మార్చాను. రెండూ నలభై, రెండూ యాభై ఐదు, రెండూ ముప్ఫై ఐదు. 4.5, 4.4, 4.5, 4.6. చెయ్యి అలవాటు పడింది. ఆమె మిషన్ మీద వంగి కాలరు కుడుతోంది.

“ఏమండీ, ఇన్‌స్పెక్టర్‌గారికి తెలిస్తే?”

“ఏ ఇన్‌స్పెక్టరూ అంకె చూడడు. గడి నిండిందా లేదా అదే చూస్తాడు.”

నవ్వింది. నేనూ నవ్వాను.

జూన్ 3 సోమవారం నేను వచ్చేసరికి డబ్బాలో ఆరు ఉన్నాయి. తక్కువనిపించి ఇవాళ ముందే, ఒంటిగంటన్నర నుంచి లెక్కపెడుతున్నానంది. ఇంకాసేపు చూడమన్నాను. మూడున్నర దాకా చూసింది. ఆరే. నేను చార్టు తియ్యలేదు. అందులో పది ఎప్పుడో పడి ఉంది. ఖాళీ గడి ఉంటే ఆరు అని నా చేత్తో రాయాల్సి వచ్చేది. రాస్తే చూసేవాణ్ణి. పదకొండేళ్ళలో నేను గేజ్ చూసింది, రాయడానికి గడి ఖాళీగా మిగిలిన రోజుల్లోనే.

మంగళవారం పదీ ఇరవైకి ఆమె అన్న మాట అన్నట్టు రాస్తున్నాను.

“నిన్న ఆరే వచ్చాయి. ఇవాళ పొద్దున్నుంచి అసలు తెలియడం లేదు. మీరేమో పది వేసి పెట్టారు. చార్టు అడిగితే ఏం చెప్పను?”

“నిండిందని చెప్పు. లేకపోతే మళ్ళీ తిడుతుంది.”

నిండిందని చెప్పింది.

బాబాయి పక్కనే ఉన్నాడు. ఇంటికెళ్ళు, నేను చూసుకుంటానన్నాడు. రెండింటికి ఎలాగూ వెళ్తానుగా అన్నాను.

జూన్ 26, బుధవారం

నర్సు మీద కోపం పోలేదు. పోవాలని కూడా లేదు. చోటు చాలదని చెప్పింది ఆమే. రమ్మని చెప్పనిదీ ఆమే. గడులు నిండాలన్నదీ ఆమే. చదవకుండా టిక్కు పెట్టిందీ ఆమే.

నిండిందని చెప్పమన్నది నేను.

జూన్ 28, శుక్రవారం

బావమరిది వచ్చాడు. వాడు కోపాన్ని చేతుల్లో పెట్టుకుని తిరుగుతాడు. ఆ నర్సు ఉద్యోగం ఊడిందాకా ఊరుకోనన్నాడు. జిరాక్స్ చూపించమన్నాడు. చూపించాను. తలుపు దగ్గర నిలబడి చదివాడు. వాడు చదివాడు. డాక్టర్లు చూడనిది వాడికి నిమిషంలో కనబడింది.

“బావా, ఇదేంటి? తొమ్మిదో తేదీ దాకా ఉంది. అక్క ముందే రాసి పడేసిందా?”

నేను కాగితం వెనక్కి తీసుకోబోయాను.

“అక్కకి ఎప్పుడూ ఇంతే. తొందర. అంతా ఒకేసారి అయిపోవాలి. ఇది కమిటీలో ఎవడైనా చూస్తే మన కేసు గల్లంతే. అసలు కాగితం మన దగ్గరుంది కదా, పోయిందని చెప్పు. గట్టిగా అడిగితే అక్కే రాసుకుంది, మనకేం తెలుసు అను. ఇప్పుడు దాన్నెవరు వచ్చి అడుగుతారు?”

అత్తయ్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. వారం రోజులుగా నోరు విప్పలేదు.

“చొక్కాకి ఒక్క బటన్ తక్కువైతే, అదే రంగు దొరికేదాకా నాలుగు బజార్లు తిరిగేది నా కూతురు. అది అబద్ధం రాయదు.”

“మరి ఎవరు రాశారే, దెయ్యమా?” అన్నాడు వాడు.

అత్తయ్య నావైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాణ్ణేమో. నేను బూట్లు వేసుకుని సెకండ్ షిఫ్టుకి వెళ్ళిపోయాను. నాకు సెకండ్ షిఫ్టు లేదు.

జూన్ 30, ఆదివారం

బతికున్నప్పుడు నా అబద్ధం ఆమె నోటితో చెప్పించాను. ఇప్పుడు అది ఆమె పేరు మీద వేసి కూర్చున్నాను. ముందుగదిలో ఆమె తల్లి, తన మాటవల్లే కూతురు పోయిందని ఆకలి చంపుకుంటోంది. నేను రెండు పూటలా తింటున్నాను.

జూలై 1, సోమవారం

లాగ్‌షీటులో రాశాను. గేజ్ పనిచేయడం లేదు. రీడింగు తీయడం సాధ్యం కాలేదు. గడి ఖాళీ. నాలుగున్నర బాబాయి చూసి, “ఉద్యోగం మీద మోజు తీరిందా?” అన్నాడు. కాసేపటికి తనే పెన్ను అడిగి నా సంతకం కింద సంతకం పెట్టాడు.

జూలై 4, గురువారం

రేపు కమిటీ.

బావమరిది ఫోన్ చేశాడు. చార్టు చింపావా అని అడిగాడు. లేదన్నాను. ఏమైంది బావా నీకు, చేతికి అందినదాన్ని జారవిడుచుకుంటావా అన్నాడు. వాడికి అక్క అంటే ప్రాణం. తను అక్కనే దొంగరాతల మనిషిని చేస్తున్నానని వాడికి తెలియదు. ఎలా తెలుస్తుంది, నేను చెప్పలేదు.

అసలు కాగితం తీసి చూశాను. మడత దగ్గర సుద్దగీత అంటి ఉంది. ఆమె కొలతలు గీసుకునే నీలం సుద్ద. మూడో తేదీ గడి పక్కన, మార్జిన్‌లో, జిరాక్స్‌లో రానంత పలచగా, కోడి గీకినట్టు ఒక అంకె. ఆరు. కింద నాలుగో తేదీ పక్కన నాలుగు.

నా పదిని కొట్టెయ్యలేదు. పక్కన తనది రాసుకుంది. నెల రోజులుగా బీరువాలో ఉంది. నేను తీయలేదు.

చాలాసేపు కూర్చున్నాను. అత్తయ్య మధ్యలో లేచి వచ్చి దీపం వేసి వెళ్ళింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకోను. ఒక్క మాట తగ్గించను. చోటు చాలదని చెప్పిన నర్సు చెప్పాలి, ఎందుకు రమ్మనలేదో. టిక్కు ఎందుకు పెట్టిందో చెప్పాలి. మూడు సంతకాల వాళ్ళు తొమ్మిదో తేదీ గడి నా ముందు పైకి చదవాలి. ఆ ఫోన్లో ఎవరూ ఇంకో ఆడమనిషికి ఇంకోసారి జ్యూస్ తాగమని చెప్పకుండా చూడాలి. అది జరగాలంటే పది ఎవరు రాశారో, ఆరు ఎవరు రాశారో వాళ్ళకి తెలియాలి. దానికి కేసు పోతే పోనీ. నన్ను తప్పుపడితే పట్టనీ. బావమరిది నా మొహం చూడడు. చూడకపోనీ.

చార్టు చొక్కా జేబులో పెట్టాను. బటన్లు ఎలా ఉన్నాయో అలాగే, ఆరు పళ్ళెంలో, నాలుగు డబ్బాలో.

రేపు ఉదయం ఆరింటికి లేచి టీ పెడతాను. అత్తయ్యకి కప్పు చేతికిచ్చి, ఎదురుగా కింద కూర్చుని, మీ మాటవల్ల కాదు, ఆ గడులు నింపింది నేను, నిండిందని చెప్పమన్నది నేను అని చెబుతాను. నీలం సుద్ద అంకెలు చూపిస్తాను. ఆవిడ ఏమంటే అది విని, పదిన్నరకి కమిటీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ అదే చెబుతాను.